గవరమ్మ ఉడుత కొన్న వాటా పుల్లలు

అనగనగా ఒక అడవిలో ప్రతి గురువారం సంత జరిగేది. నవ్వకండర్రా. జంతువులకి సంతేమిటి అని ఎవరైనా అడిగారో, కథ ఇక్కడే ఆపేస్తాను. వేరుశనక్కాయలు ఒలుస్తూ వినండి. గిన్నెలో పడేవి ఎక్కువ, నోట్లో పడేవి తక్కువ ఉండాలి.

ఆ సంతలో ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా పెద్ద పని తలపెడితే అది ఒక్కళ్ళ వల్ల అయ్యేది కాదు కదా. కొండచరియ మీద తేనెటీగలు ఇంకో పెద్ద పట్టు పెట్టాలనుకున్నాయనుకోండి. అక్కడున్న ముళ్ళకంపలు కొట్టించాలి, కొట్టినవాళ్ళకి కూలి ఇవ్వాలి. అందుకని సంతకొచ్చి బాదంపిక్కలు అడిగేవి. ఇచ్చినవాళ్ళకి తమ గుర్తు కొరికిన పుల్ల ఒకటి ఇచ్చేవి. దాన్నే వాటా పుల్ల అనేవారు. పని బాగా సాగితే, పుల్ల ఉన్నవాళ్ళకి పంట పంటకీ వాటా వచ్చేది. సాగకపోతే పుల్ల ఒక్కటే మిగిలేది.

మధ్యలో పుల్ల అక్కర్లేదనిపిస్తే సంతలో ఇంకొకరికి అమ్ముకోవచ్చు. ఆ రోజు ధరెంతో గోరింక బండ మీద కూర్చుని అరిచి చెప్పేది. మీ నాన్న ఫోనులో ఎర్ర గీతలూ పచ్చ గీతలూ చూసుకుని ఒకరోజు నవ్వుతూ, ఒకరోజు మొహం మాడ్చుకుని తిరుగుతారే, ఇంచుమించు అదే సంగతి.

ఇక గవరమ్మ దగ్గరికి వద్దాం. గవరమ్మ ఒక ఉడుత. మొగుణ్ణి గద్ద ఎత్తుకుపోయింది. మిగిలింది ఒక్కతే కూతురు, పేరు పైడి. పైడికి పుట్టుకతోనే వెనక కాలు ఒకటి బలహీనం. నడుస్తుంది, మాట్లాడుతుంది, అల్లరికి లోటు లేదు. నిటారుగా ఉన్న చెట్టు మాత్రం ఎక్కలేదు. ఉడుత చెట్టెక్కలేకపోతే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

వాళ్ళ ఇల్లు ఇప్పచెట్టు పై తొర్రలో ఉండేది. గవరమ్మ రోజూ పొద్దున్నే పైడిని మెడ దగ్గర నోటితో పట్టుకుని కిందికి దింపేది, సాయంత్రం మళ్ళీ పైకి మోసుకెళ్ళేది. పిల్ల పాలు తాగినన్నాళ్ళు బాగానే ఉంది. ఇప్పుడు పైడి పెరుగుతోంది. తల్లి పళ్ళు నొప్పెడుతున్నాయి. ఇంకో ఏడాది పోతే మోయలేనని గవరమ్మకి తెలుసు. కూతురికి మాత్రం చెప్పలేదు.

ఏటి ఒడ్డున ఒక మద్దిచెట్టు ఉంది. ఏ గాలివానకో ఒరిగి, మొదలు నుంచి దాదాపు నేలబారుగా వెళ్ళి, చివర్లో మెల్లగా పైకి లేచింది. దాని మీద పైడి ఎవరి సాయమూ లేకుండా నడిచి వెళ్ళగలదు. కానీ దానికి తొర్ర లేదు. తొర్ర తొలవమని గవరమ్మ వడ్రంగిపిట్ట సన్యాసయ్యని అడిగింది. ఆయన చెట్టుని నాలుగు చోట్ల తట్టి చూసి, చెక్క గట్టిదని, నెలన్నర పని అని, అన్నాళ్ళు వేటకి పోలేడు కాబట్టి వంద బాదంపిక్కలు కావాలని చెప్పాడు. పాపం ఆయన మాటలో మోసమేమీ లేదు.

గవరమ్మ దగ్గర అరవై ఉన్నాయి. పోగుచేస్తూనే ఉంది. కానీ తొర్రలో దాచినవాటికి ఏటా పురుగు పట్టేది. పది దాస్తే మరుసటేడు చూసేసరికి రెండు డొల్లలు. ఎంత దాచినా అక్కడే ఉంటోందని ఆమెకి బెంగ పట్టుకుంది.

వాళ్ళుండే ఇప్పచెట్టు కింద బొరియలో ఒక ముసలి ఏదుపంది ఉండేది. పేరు నర్సమ్మ. ఒంటినిండా ముళ్ళు కాబట్టి ఎవరూ ఆమె పక్కన కూర్చునేవారు కారు. అందుకని ఆమెకి తెలిసిన సంగతులు ఆమె దగ్గరే ఉండిపోయేవి. గవరమ్మ కాస్త ఎడంగా కూర్చుని తన గోడంతా చెప్పుకుంది. ఈ పిక్కలకి పురుగు పట్టకుండా ఏం చెయ్యాలి పెద్దమ్మా అని అడిగింది.

నర్సమ్మ ఆమెకి వాటా పుల్లల గురించి చెప్పింది. మొదట వానాకాలం తిండి విడిగా తీసి పెట్టమంది. ఆకాశం ఊడిపడినా దాన్ని ముట్టుకోవద్దంది. తర్వాత, ఎవరి పుల్ల కొంటున్నావో వాళ్ళ పని దగ్గరికి నువ్వే వెళ్ళి చూడమంది. అన్నీ ఒక్కరి దగ్గరే పెట్టొద్దంది. చివరికి కాస్త నవ్వి, "గవరీ, నువ్వు ఉడుతవి. పాతిపెట్టింది రోజూ తవ్వి చూసుకునే జాతి మీది. నీకు చెప్పాల్సింది అదొక్కటే. పెట్టాక తవ్వకు" అంది.

గవరమ్మ బుద్ధిగా తలూపింది. ఇరవై పిక్కలు వానాకాలానికి పక్కన పెట్టింది. పైడిని వీపున ఎక్కించుకుని కొండచరియకి వెళ్ళి తేనెటీగల పని చూసింది. ఒక్కటీ ఖాళీగా కూర్చోలేదు. తర్వాత చీమల దగ్గరికి వెళ్ళింది. సామలు ఎక్కడ ఎండబెడతారో, తడి తగలకుండా ఎలా దాస్తారో చీమలు ఓపిగ్గా చూపించాయి. నాలుగేసి పిక్కలు పెట్టి అయిదు తేనె పుల్లలు, రెండేసి పిక్కలు పెట్టి పది చీమల పుల్లలు కొంది. ఇంటికొచ్చి వాటిని చెట్టు మొదట్లో పాతిపెట్టింది.

పాతిపెట్టి ఊరుకుందా? మర్నాడు పొద్దున్నే తవ్వింది. పదిహేనూ ఉన్నాయి. మధ్యాహ్నం మళ్ళీ తవ్వింది. పదిహేనే ఉన్నాయి. వారం తిరిగేసరికి పుల్లల మీద గుర్తులు అరిగిపోయేలా ఉన్నాయి. పుల్లలు నేలలో పిల్లలు పెడతాయా అమ్మా అని పైడి అడిగింది. నోరు మూసుకో అంది గవరమ్మ.

సంతరోజు వస్తే ఇంక చూడక్కర్లేదు. తెల్లారకుండా బండ దగ్గర హాజరు. మొదటి సంతలో తేనె పుల్ల అయిదు పిక్కలంది గోరింక. గవరమ్మ ఇంటికి గంతులేస్తూ వచ్చింది. రెండో సంతలో ఆరు అంది. ఆ రోజు సన్యాసయ్య కనిపిస్తే, ముక్కు నూరుకుని ఉండమని కబురు కూడా చెప్పింది. మూడో వారం పెద్ద గాలి వీచి, తేనెపట్టు మూడోవంతు విరిగి వాగులో పడింది. ఆ గురువారం గోరింక మూడు అని అరిచింది.

గవరమ్మ కంగారు పడిపోయింది. తేనెటీగలు ఏం చేస్తున్నాయో వెళ్ళి చూసిందా అంటే, చూడలేదు. అవి అప్పటికే విరిగినచోట మైనం పూస్తున్నాయి. ఈమె మాత్రం పరుగున వెళ్ళి, అయిదు పుల్లలూ తవ్వి తెచ్చి, మూడేసి పిక్కలకి అమ్మేసింది. ఇరవై పెట్టింది పదిహేనయింది. చీమల పుల్ల ధర రెండు దగ్గరే నిలబడి ఉంది. అది పెరగలేదని కూడా ఆమెకి కోపం వచ్చింది.

సరిగ్గా అప్పుడే కొండముచ్చు సూరిబాబు ఎదురుపడ్డాడు. ఎక్కడ కొత్త సంగతి ఉంటే అక్కడ ముందుండే మనిషి. మనిషి కాదులెండి, కొండముచ్చు. ఏరు అవతల నెమలి చంద్రశేఖరంగారు వెన్నపళ్ళ తోట వేస్తున్నారని, ఆ పండు ఒక్కటి తింటే మూడు రోజులు ఆకలే ఉండదని, కిందటి నెల ఒక పిక్కకి దొరికిన తోట పుల్ల ఇవాళ అయిదుకి పోయిందని చెప్పాడు. "ఆలోచిస్తూ కూర్చుంటే నీకు మిగలవు వదినా" అన్నాడు.

తోట చూశావా అని గవరమ్మ అడిగింది. అందరూ కొంటున్నారు కదా, అందులో ఎవరో ఒకరు చూసే ఉంటారు అన్నాడు సూరిబాబు. గవరమ్మ ఆ అందరి వైపూ చూసింది. బండ చుట్టూ కుందేళ్ళు, కణుజులు, అడవిపందులు తోసుకుంటున్నాయి. మధ్యలో నెమలి పురి విప్పి ఆడుతున్నాడు. ఏం చెప్పను. అంత అందంగా ఆడుతుంటే ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది.

గవరమ్మ చీమల పుల్లలు కూడా అమ్మేసింది. అన్నీ కలిపితే ముప్పై అయిదు పిక్కలయ్యాయి. అక్కడితో ఆగినా బాగుండేది. ఇంటికి వెళ్ళి, వానాకాలానికి దాచిన ఇరవై కూడా తీసింది. తీస్తుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇంకో నాలుగు వారాల్లో వంద అయిపోతుంది, మళ్ళీ ఇక్కడే పెట్టేస్తాను అని తనకి తనే చెప్పుకుంది. యాభై అయిదు పిక్కలకి పదకొండు తోట పుల్లలు వచ్చాయి.

మరుసటి వారం తోట పుల్ల ఏడయింది. ఆ పై వారం ఎనిమిది. గవరమ్మ పైడికి కొత్త ఇంట్లో ఎక్కడ పడుకోవాలో, కిటికీ ఎటు పెట్టించుకోవాలో చెప్పడం మొదలుపెట్టింది. ఏరు కనపడేలా పెట్టించమని పైడి అడిగింది. అలాగే అంది తల్లి.

ఆ మూడో వారమే ఒక కొంగ చేపల కోసం ఏరు దాటింది. తిరిగొచ్చి సంతలో చెప్పింది. అవతల తోట లేదు. ఒక్క మొక్క కూడా లేదు. బండరాయి, దాని మీద రెండు తొండలు ఉన్నాయి. నెమలిని అడిగితే, ఇంకా వెయ్యాలి, వేద్దామనే అనుకుంటున్నాను అని నీళ్ళు నమిలాడు. వచ్చిన పిక్కలన్నీ ఏం చేశాడంటే, వచ్చినవాళ్ళకి విందులకే సరిపోయాయన్నాడు. చప్పట్లు కొడుతుంటే ఆడుతూ పోయాడంతే, ఆగడం చాతకాలేదు. అందరూ తిట్టిపోశారు. ఏం లాభం? ఆ రోజు గోరింక తోట పుల్లకి ధరే చెప్పలేదు, అడిగేవాళ్ళు లేక.

గవరమ్మ ఇంటికొచ్చి తొర్రలో ఓ మూల కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే పిల్ల భయపడుతుందని. నాలుగోరోజున వానలు మొదలయ్యాయి.

ఆ వానాకాలం ఎలా గడిచిందో చెబితే మీకు అన్నం సయించదు. తల్లి వానలో తడుస్తూ తిరిగి ఏ నాని పోయిన గింజో తెచ్చేది. నేను దారిలో తినేశాను అని పైడికి పెట్టేది. పైడి చిన్నపిల్లేగానీ తెలివితక్కువది కాదు. సగం కొరికి, కడుపు నిండిపోయిందమ్మా అని మిగతాది తల్లి వైపు తోసేది. ఇద్దరూ అబద్ధాలే చెప్పుకునేవారు.

ఒకరోజు సాయంత్రం పైడిని నోట పట్టుకుని చెట్టెక్కుతోంది గవరమ్మ. మాను తడిసి జారుడుగా ఉంది. తిండిలేక ఒంట్లో సత్తువ లేదు. సగం దూరం ఎక్కాక దవడలు వదిలేశాయి. పైడి కిందపడింది.

కింద తడి ఆకుల గుట్ట ఉండబట్టి దెబ్బ తగల్లేదు. గవరమ్మ ఒక్క ఉదుటున దిగి కూతుర్ని ఒళ్ళంతా తడిమి చూసింది. అప్పుడు ఏడ్చింది, అన్నాళ్ళ ఏడుపూ కలిపి. "నేనే పడేశానమ్మా నిన్ను. నేనే" అంది. పైడి తల్లి కళ్ళు తుడిచి, నేను బరువెక్కాను కదమ్మా, అందుకే అంది.

ఆ చప్పుడికి నర్సమ్మ బొరియలోంచి బయటికొచ్చింది. చూడగానే ఆమెకి అంతా తెలిసిపోయింది. నే చెప్పలేదా అని ఆమె అనలేదు. మీకో సంగతి చెప్పనా, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చాక మింగేసేవాళ్ళు లోకంలో చాలా తక్కువ. ముళ్ళు ఒంటికి దగ్గరగా అణిచిపెట్టుకుని, పక్కకి తప్పుకుని, లోపలికి రండి అంది. ఉన్న దుంపలు మూడు భాగాలు చేసింది. ఉడుతలు దుంపలు తింటాయా అంటారేమో. ఆకలేస్తే తింటాయి.

అప్పటినుంచి తల్లీ కూతుళ్ళు ఆ బొరియలోనే ఉన్నారు. వెచ్చగానే ఉండేదిగానీ అది ఉడుతల చోటు కాదు. నేల చెమ్మకి పైడికి దగ్గు పట్టుకుంది. ఎప్పుడైనా పైన కొమ్మలు ఊగే చప్పుడు వినిపిస్తే తలెత్తి, ఇప్పుడు మన తొర్రలో గాలి ఎలా ఉంటుందమ్మా అని అడిగేది.

వానలు వెలిశాక ఒకరోజు గవరమ్మ, నాకింక ఆ సంత వద్దు పెద్దమ్మా, నా చెయ్యి మంచిది కాదు అంది. నర్సమ్మ దుంప నములుతూ ఆలోచించింది. "నీ చేతికేం అమ్మా, బాగానే ఉంది. దానికి పని ఎక్కువ చెప్పావు, అంతే. వారానికి రెండు పిక్కలు పోతే నీ తిండికి లోటు వస్తుందా?" అంది. రాదంది గవరమ్మ. "అయితే ఆ రెండే. అవి ఎప్పటికి వంద అవుతాయని నన్నడక్కు. నాకు తెలియదు. గోరింకకీ తెలియదు" అంది.

ముందు వానాకాలం తిండి సమకూర్చుకుంది గవరమ్మ. దాన్ని నర్సమ్మ బొరియ చివరి అరలో పెట్టి, నేనడిగినా ఇవ్వొద్దు పెద్దమ్మా అంది. ఆ తర్వాతే వారానికి రెండు పిక్కలు. ఒకసారి చీమల పుల్ల, రెండు వారాలవి కూడితే ఒక తేనె పుల్ల. వాగులో నీటికుక్కలు మడుగు కడుతుంటే వెళ్ళి గట్టు చూసి, వాళ్ళ పుల్లలు కూడా రెండు తీసుకుంది. పుల్లలు తవ్వకుండా ఉండడానికి వాటి మీద నర్సమ్మని పడుకోమంది. ముళ్ళున్న ఆవిడని లేపి తవ్వే ధైర్యం ఎవరికుంటుంది?

తేనె పంట వచ్చినప్పుడు తన వాటా తేనె వచ్చింది. సగం పైడి దగ్గుకి ఉంచి, మిగతా సగం ఇచ్చి ఇంకో పుల్ల కొంది. మరుసటి వానల్లో నీటికుక్కల గట్టు తెగిపోయింది. ఆ రెండు పుల్లలూ ఎందుకూ పనికిరాకుండా పోయాయి. గవరమ్మ ఏడ్చింది. కొంచెమే పెట్టింది కాబట్టి కొంచెమే ఏడ్చింది.

ఆ తర్వాతి వేసవిలో అసలు పరీక్ష వచ్చింది. ఆ ఏడు పూలు ఆలస్యమయ్యాయి. ఏడు పిక్కలున్న తేనె పుల్ల ఆరయింది, నాలుగయింది, ఒక గురువారం రెండయింది. సంతంతా గగ్గోలు. తేనెటీగల పని అయిపోయిందని, అవి కొండ దిగి వెళ్ళిపోతున్నాయని ఎవరో అన్నారు. సూరిబాబు తన పుల్లలన్నీ రెండేసి పిక్కలకి ఇచ్చేసి, నువ్వూ వదిలించుకో వదినా అని కేకేశాడు. గవరమ్మ పంజాలు దురద పెట్టాయి. ఇంటి వైపు నాలుగడుగులు పరుగెత్తింది కూడా.

అయిదో అడుగులో ఆగింది. ఇంటికి పోకుండా పైడిని తీసుకుని కొండచరియకి వెళ్ళింది. చరియ మీద తేనెటీగలు ఉన్నాయి. తేనె తక్కువే. పట్టు మాత్రం చెక్కు చెదరలేదు, గదులు శుభ్రంగా ఉన్నాయి, కొత్త పిల్లలు రెక్కలు విదిలించుకుంటున్నాయి. ఒక ముసలి తేనెటీగని, మీరు వెళ్ళిపోతున్నారా అని అడిగింది. ఎక్కడికమ్మా, పువ్వు రాలేదు, వచ్చేదాకా ఉంటాం, మా పని ఇదే కదా అందది. పువ్వు వస్తుందని మాత్రం నేను మాటివ్వలేను అని కూడా అంది.

 తిరిగొచ్చి గవరమ్మ బొరియలో పంజాలు రెండూ పొట్ట కింద పెట్టుకుని కూర్చుంది, అవి ఎక్కడ తవ్వేస్తాయోనని. మరుసటి గురువారం మామూలుగా తన రెండు పిక్కలు పట్టుకెళ్ళింది. ఆ రెండింటికి ఒక తేనె పుల్ల వచ్చింది. గోరింక ఆమె వైపు వింతగా చూసింది.

పువ్వు నెల ఆలస్యంగా వచ్చింది. వచ్చాక మాత్రం విరగబూసింది. తేనె పుల్ల మెల్లగా లేచి, మళ్ళీ ఏడు దాటి, ఆ చలికాలానికి తొమ్మిదికి వెళ్ళింది. చీమల పుల్ల కూడా నింపాదిగా రెండు నుంచి నాలుగయింది. గవరమ్మ ఒకరోజు నర్సమ్మని కాస్త జరగమని, పుల్లలు తీసి, కావలసినన్ని అమ్మి, వంద పిక్కలు సన్యాసయ్య ముందు పోసింది. ఇంకా కొన్ని పుల్లలు మిగిలాయి. వాటిని మళ్ళీ నర్సమ్మ కింద పెట్టింది.

తొర్ర పూర్తయిన రోజు పొద్దున్న అందరూ మద్దిచెట్టు దగ్గరికి వెళ్ళారు. పైడి అప్పటికి బాగా ఎదిగింది. పుట్టి ఇన్నేళ్ళయినా తనంతట తను ఒక్క చెట్టూ ఎక్కలేదు. వాలుగా ఉన్న మాను మీద ముందు కాళ్ళు పెట్టింది. వెనక కాలు కొంచెం వణికింది.

గవరమ్మ అలవాటుగా ముందుకు వంగి, మెడ పట్టుకోబోయింది. పైడి వెనక్కి తిరగకుండానే, "పట్టుకోకమ్మా. టైం పట్టినా నేనే వెళ్తాను" అంది.

గవరమ్మ నోరు మూసుకుని వెనక్కి జరిగింది. పైడి నాలుగడుగులు వేసి ఆగింది. కాలు జారింది. అయినా తల్లి కదల్లేదు, పంజాలు రెండూ పొట్ట కింద అదిమిపెట్టుకుంది. పైడి మళ్ళీ లేచింది. మళ్ళీ కొంత దూరం నడిచింది. ఊపిరి తీసుకుంది. ఆగుతూ ఆగుతూ, చాలాసేపటికి, తొర్ర దాకా చేరింది. లోపలికి వెళ్ళి, కిటికీలోంచి తల బయటపెట్టింది.

"అమ్మా, ఏరు కనిపిస్తోంది. ఇంక నువ్వు రా" అని పిలిచింది.

నీతి: ముందు నీ కడుపుకి దాచుకో, పనిని నీ కళ్ళతో చూసి, పోయినా తట్టుకోగలిగినంతే పెట్టు, పెట్టిందీ పెంచిందీ ఎదగాలంటే, చెయ్యి పెట్టకుండా ఆగడం కూడా నేర్చుకో.